యాంటీ స్పైవేర్ నిజంగా పనిచేస్తోందా? పచ్చ టిక్కు, ఐకార్ ఫైలు, రెండో స్కానర్: ఏది మేలు?

టాస్క్‌బార్ మూలన షీల్డు బొమ్మ మీద పచ్చ టిక్కు కనిపిస్తే చాలామంది ఇక ఆ వైపు చూడరు. ఆ టిక్కు చెప్పేది మాత్రం చాలా కొంచెం: ప్రోగ్రాం ఆన్‌లో ఉంది, మీరు వెంటనే చేయాల్సిన పనేమీ లేదు. మనకు తెలియకుండా లోపలి సమాచారం లాగేసే స్పైవేర్ కొత్తగా వస్తే పట్టుకుంటుందా, పాతది ఇప్పటికే లోపల కూర్చుందా అన్నవి వేరే ప్రశ్నలు. నెట్ బ్యాంకింగ్, ఆధార్ స్కాన్ కాపీలు, పిల్లల చదువు అన్నీ ఒకే కంప్యూటర్‌లో సాగే ఇంట్లో వాటికి విడిగా జవాబు రాబట్టాలి. విండోస్ 10, 11లతోనే వచ్చే మైక్రోసాఫ్ట్ రక్షణ ప్రోగ్రాం డిఫెండర్‌నే లెక్కలోకి తీసుకుని, పరీక్షించే దారులను పోల్చి చూద్దాం.

పచ్చ టిక్కు కంటే పవర్‌షెల్ మేలు

ఆదేశాలు టైప్ చేసి నడిపే పవర్‌షెల్‌ను స్టార్ట్ మెనూలో వెతికి తెరవండి. అందులో ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, గెట్-ఎంపీకంప్యూటర్‌స్టేటస్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఎంపీ అంటే ఇక్కడ ఎమ్, పీ రెండక్షరాలే. పెద్ద జాబితా వస్తుంది. అందులో యాంటీవైరస్‌కు ఒక వరుస, యాంటీస్పైవేర్‌కు ఇంకో వరుస కనిపిస్తాయి. డిఫెండర్ పుట్టుకే స్పైవేర్ పట్టే ప్రోగ్రాంగా. 2004 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ జయంట్ అనే కంపెనీని కొని, ఆ సాఫ్ట్‌వేర్‌నే మార్చి 2005 జనవరిలో బీటాగా ఇచ్చింది. వైరస్‌లు పట్టే పని 2012లో విండోస్ 8తో దానికి తోడైంది.

యాంటీస్పైవేర్ ఎనేబుల్డ్, రియల్‌టైమ్ ప్రొటెక్షన్ ఎనేబుల్డ్, ఈజ్ ట్యాంపర్ ప్రొటెక్టెడ్: ఈ మూడింటి పక్కన ట్రూ అని ఉండాలి. యాంటీస్పైవేర్ సిగ్నేచర్ ఏజ్ అంటే గుర్తుల జాబితా వచ్చి ఎన్ని రోజులైందన్న లెక్క. నెట్ రోజూ వాడే ఇంట్లో అది 0 గానీ 1 గానీ ఉండాలి. ఫుల్ స్కాన్ ఏజ్ దగ్గర 4294967295 అని ఉంటే భయపడకండి. అన్ని రోజులైందని కాదు, ఆ యంత్రంలో ఫుల్ స్కాన్ ఒక్కసారి కూడా జరగలేదని అర్థం.

సిగ్నేచర్ ఏజ్ వారం దాటితే ముందు గడియారం చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీదుండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పితే సర్వర్ల సర్టిఫికెట్లు చెల్లవు, అప్‌డేట్లు దిగవు. చిన్న బ్యాటరీ మార్చితే తీరే ఈ సమస్యకు విండోస్ మొత్తం మళ్లీ ఎక్కించేవాళ్లున్నారు. తేదీ సరిగ్గానే ఉంటే విండోస్ అప్‌డేట్ పాజ్‌లో ఉందేమో, సీ డ్రైవ్ నిండిపోయిందేమో చూడండి.

వేరే కంపెనీ యాంటీవైరస్ వేసుకున్నవారికి డిఫెండర్ వరుసల్లో ఫాల్స్ కనిపించడం మామూలే. అది రాగానే డిఫెండర్ తప్పుకుంటుంది. విండోస్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో మేనేజ్ ప్రొవైడర్స్ తెరిస్తే ఇంటి కాపలా ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ గడువు ముగిసి అక్కడే పడి ఉంటే దాన్ని పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

ఐకార్ ఫైలు: ఎంతవరకు నమ్మాలి

ఐకార్ పేరుతో ఉన్న పరీక్ష ఫైలు 68 అక్షరాల మామూలు టెక్స్ట్. అది వైరస్ కాదు. పాత డాస్‌లో నడిపితే తన పేరు చెప్పే ఒక వాక్యం తెరమీద చూపి ఆగిపోయే చిన్న ప్రోగ్రాం. 64 బిట్ విండోస్‌లో అది అసలు నడవదు. దీన్ని వైరస్‌లాగే పట్టుకోవాలని యాంటీవైరస్ కంపెనీలు ఒప్పుకున్నాయి గనక పరీక్షకు పనికొస్తుంది.

ఐకార్ సంస్థ సైటు నుంచి దాన్ని డౌన్‌లోడ్ చేయబోతే, చాలాసార్లు బ్రౌజరే ఆపేస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆపింది బ్రౌజర్ అయితే మీ యాంటీ స్పైవేర్ గురించి మీకు తెలిసింది సున్నా. అందుకని ఆ 68 అక్షరాలను నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, సేవ్ చేసి చూడటం మేలు. డిఫెండర్ సరిగా ఉంటే కొన్ని సెకన్లలో కుడిమూలన నోటిఫికేషన్ వస్తుంది, ఫైలు మాయమవుతుంది. ప్రొటెక్షన్ హిస్టరీలో ఐకార్ టెస్ట్ ఫైల్ పేరుతో నమోదవుతుంది. కంప్యూటర్‌లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ డిఫెండర్ లాగ్ తెరిస్తే, పట్టుకున్నట్టు 1116, చర్య తీసుకున్నట్టు 1117 నంబర్లు ఉంటాయి. ఈ రెండూ కనిపిస్తే ఆపింది బ్రౌజర్ కాదు, డిఫెండరే అని రూఢి అవుతుంది.

పట్టుకోకపోతే వెంటనే ప్రోగ్రాం చెడిపోయిందనుకోవద్దు. చేత్తో టైప్ చేశారా? మూడో అక్షరం ఇంగ్లిష్ ఓ, సున్నా కాదు. వరస ఫైలు మొట్టమొదటి అక్షరం నుంచే మొదలవ్వాలి, ముందు ఖాళీ గీత గానీ స్పేస్ గానీ ఉండకూడదు. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-16 ఎంచుకుంటే ఒక్కో అక్షరానికి రెండు బైట్లు పడి ఫైలు రూపమే మారిపోతుంది. యాన్సీ గానీ మామూలు యూటీఎఫ్-8 గానీ పెట్టండి.

ఈ పరీక్షలో అసలు విలువైన భాగం తర్వాత ఉంది. అదే ఫైలును డౌన్‌లోడ్స్‌లో ఒకసారి, డెస్క్‌టాప్ మీద ఒకసారి, డీ డ్రైవ్‌లో ఒకసారి సేవ్ చేయండి. రెండు చోట్ల పట్టుకుని మూడోచోట వదిలేస్తే ఆ ఫోల్డరు ఎక్స్‌క్లూజన్స్‌లో, అంటే స్కాన్ చేయొద్దని పెట్టిన మినహాయింపుల్లో, ఉందేమో చూడండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్‌కు వెళ్లి, అడుగున ఎక్స్‌క్లూజన్స్ తెరవండి. క్రాక్ సాఫ్ట్‌వేర్లు ‘ముందు యాంటీవైరస్ ఆపండి’ అని అడిగి, పని కాగానే ఒక ఫోల్డరునో సీ డ్రైవ్ మొత్తాన్నో మినహాయింపుల్లో చేర్చి వదిలేస్తాయి. పచ్చ టిక్కు అలాగే ఉంటుంది, పవర్‌షెల్ స్టేటస్‌లోనూ అన్నీ ట్రూ అనే వస్తాయి. తలుపు తెరిచే ఉందని బయటపెట్టేది ఈ 68 అక్షరాలే. ఎవరు ఎప్పుడు మార్చారో వెతకాలంటే లాగ్‌లో 5007 నంబరు చూడండి, సెట్టింగ్ మారిన ప్రతిసారీ అది పడుతుంది.

ఐకార్‌కు ఒక లోటుంది. నెలల తరబడి అప్‌డేట్ లేని ప్రోగ్రాం కూడా దీన్ని పట్టేస్తుంది, ఎందుకంటే ఈ గుర్తు దానికి మొదట్నుంచీ తెలుసు. నిన్న పుట్టిన స్పైవేర్‌ను పట్టగలదా అన్నదానికి ఐకార్ జవాబు చెప్పలేదు. సిగ్నేచర్ ఏజ్ దానికి దగ్గరగా చెబుతుంది. స్టేటస్‌కు మినహాయింపులు కనిపించవు, ఐకార్‌కు పాతబడ్డ సిగ్నేచర్లు కనిపించవు. కాబట్టి ఈ రెండింటిలో ఏది మేలు అంటే, విడివిడిగా ఏదీ కాదు. రెండూ కలిపి చేస్తే పది నిమిషాలు పట్టదు. కొత్త యాంటీవైరస్ వేసినప్పుడు, రెన్యూవల్ అయినప్పుడు, కంప్యూటర్ రిపేరుకు వెళ్లి వచ్చినప్పుడు తప్పకుండా చేయాలి.

స్పైవేర్‌కే ప్రత్యేకమైన పరీక్ష

ఇంటి కంప్యూటర్లలోకి దూరేవాటిలో చాలావరకు ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్ వెంట వచ్చే టూల్‌బార్లు, వెతుకులాటను దారి మళ్లించే ప్రోగ్రాంలు. యాంటీవైరస్ కంపెనీల లెక్కలో వైరస్‌లా కాక, ‘అవసరం లేనివి’ అనే వర్గంలోకి ఇవి వస్తాయి. వీటిని ఆపే స్విచ్చు వేరే ఉంది: యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, రెప్యుటేషన్-బేస్డ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్, పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్. అందులో రెండు గళ్లుంటాయి. బ్లాక్ డౌన్‌లోడ్స్ ఎడ్జ్ బ్రౌజర్‌కే పనిచేస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాడేవారికి దిక్కు బ్లాక్ యాప్స్, కాబట్టి రెండింటికీ టిక్కు పెట్టండి. యాంటీవైరస్ పరీక్షల ప్రమాణాల కోసం 2008లో ఏర్పడిన ఆమ్ట్‌సో అనే సంస్థ సైటులో సెక్యూరిటీ ఫీచర్స్ చెక్ పేజీ ఉంది. దాంట్లో ఈ వర్గానికే ఒక హాని లేని ఫైలు ఇస్తారు. ఐకార్‌ను పట్టి దీన్ని వదిలేస్తే, మీ ప్రోగ్రాం వైరస్‌ల విషయంలో మేల్కొని ఉండి స్పైవేర్ విషయంలో సగం నిద్రలో ఉన్నట్టు. నిజమైన స్పైవేర్ తెచ్చి పరీక్షించే పని మాత్రం ఎప్పుడూ పెట్టుకోవద్దు.

రెండో స్కానర్ ఎప్పుడు

ఇది పరీక్ష కంటే సోదా అనాలి. హోంపేజీ తానే మారడం, తెలియని ఎక్స్‌టెన్షన్ కనిపించడం, డిఫెండర్‌ను ఆన్ చేసినా ఆఫ్ అవడం లాంటివి ఉంటేనే చేయండి. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ ఉచితం. డౌన్‌లోడ్ చేసిన 10 రోజులకు గడువు తీరుతుంది, మళ్లీ కొత్తది దించుకోవాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆధ్వర్యంలో 2017 ఫిబ్రవరి నుంచి నడుస్తున్న సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైటులోనూ ఉచిత క్లీనింగ్ టూల్స్ దొరుకుతాయి. ఎప్పుడూ కాపలా కాసే ప్రోగ్రాంలు రెండు ఒకేసారి పెట్టొద్దు. ఒకే ఫైలు కోసం రెండూ పెనుగులాడి యంత్రం నత్తనడక పడుతుంది.

రెండో స్కానర్ నలభై వస్తువులు చూపిస్తే అంకె చూసి మొదటిదాన్ని తీసేయకండి, పేర్లు చదవండి. ట్రాకింగ్ కుకీలు, ‘అన్‌వాంటెడ్’ అని మొదలయ్యేవి అయితే తీసేస్తే సరి. ట్రోజన్ (మంచి ప్రోగ్రాం వేషంలో వచ్చేది), స్టీలర్ (పాస్‌వర్డులు దొంగిలించేది), కీలాగర్ (మీరు కొట్టే కీలను నమోదు చేసేది) అని ఉంటే మాత్రం డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. రీస్టార్ట్ అయి విండోస్ తెరుచుకోకముందే దాదాపు 15 నిమిషాల్లో వెతుకుతుంది. అది నడుస్తుండగా ఫోన్‌లోంచి బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులు మార్చి, అన్ని పరికరాల్లోంచి లాగౌట్ కొట్టండి. స్టీలర్లు బ్రౌజర్ కుకీలనూ ఎత్తుకుపోతాయి గనక పాస్‌వర్డు ఒక్కటి మార్చితే చాలదు. డబ్బు పోయినట్టు కనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పరీక్షలన్నీ అయ్యాక ప్రొటెక్షన్ హిస్టరీ ఒకసారి తెరిచి చూడండి. ఐకార్ హెచ్చరిక వచ్చినప్పుడు చెయ్యి జారి ‘అలో ఆన్ డివైస్’ నొక్కి ఉంటే, అది అలౌడ్ థ్రెట్స్‌లో చేరిపోతుంది. అక్కణ్నుంచి తీసే దాకా తర్వాతి పరీక్షల్లో దాన్ని పట్టుకోదు.