ఇంట్లో ఈవీ చార్జింగ్: ఇంటి మీటరా, విడి మీటరా, సోలారా? ఏది మేలు?

మా ఇంటి ముందుకు ఎలక్ట్రిక్ కారు వచ్చి ఏడాది కావస్తోంది. అప్పటి నుంచి ఇంటికొచ్చిన చుట్టాలు, ఆఫీసులో వాళ్లు, వీధి చివర కిరాణా కొట్టాయన, అందరూ అడిగేది ఒకటే: "ఇంట్లో చార్జర్ పెట్టించుకుంటే గవర్నమెంటు ఎంత ఇస్తుంది?"

తెలంగాణలో చార్జర్‌కని నేరుగా మన చేతికొచ్చే సబ్సిడీ ఏమీ లేదు. ఢిల్లీ తన 2020 పాలసీలో మొదటి 30 వేల చార్జింగ్ పాయింట్లకు ఒక్కోదానికి 6,000 రూపాయల వరకు ఇస్తానంది, ఈవీ చార్జింగ్‌కి యూనిట్ నాలుగున్నర రూపాయల రేటు కూడా పెట్టింది. ఆ వార్త చదివి మనకూ అదే ఉందనుకునేవాళ్లు చాలామందే కనిపించారు. ఎలక్ట్రిక్ బండ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ కోసం తీసిపెట్టిన 2,000 కోట్లు పబ్లిక్ స్టేషన్లకు, మన ఇళ్లకు కాదు. 2026 డిసెంబరు 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవంటున్నది కారుకి. చార్జర్ మీద మనకు దక్కేదల్లా 18 నుంచి 5 శాతానికి దిగిన జీఎస్టీ, అదీ 2019 ఆగస్టు నుంచే ఉంది.

చార్జర్ కొనేటప్పుడు మిగిలేది అంతే. అసలు డబ్బు మిగిలేదీ పోయేదీ నెలనెలా వచ్చే కరెంటు బిల్లులో. ఆ బిల్లుని నిర్ణయించేది కారుని ఏ మీటరుకి తగిలించారన్నది. అందుకే నేను పోల్చేది మూడు పద్ధతుల్ని: ఉన్న ఇంటి మీటరుకే తగిలించడం, ఈవీ కోసం విడిగా మీటరు తీసుకోవడం, ఇళ్ల మీద సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీతో ప్యానెళ్లు పెట్టించి ఇంటి మీటరు మీదే చార్జ్ చేసుకోవడం.

ముందు శ్లాబుల సంగతి. తెలంగాణ 2025-26 టారిఫ్ ప్రకారం నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి వంద 3.40, తర్వాతి వంద 4.80. 200 దాటితే మొదటి 200 యూనిట్లకు కూడా 5.10 పడుతుంది. ఆ పైన 300 వరకు 7.70, 400 వరకు 9 రూపాయలు, 800 వరకు తొమ్మిదిన్నర. దాటిన యూనిట్లకే ఎక్కువ రేటు అనుకుంటాం కదా, 200 గీత దగ్గర మాత్రం వెనక యూనిట్ల రేటు కూడా మారిపోతుంది. కారు కొన్నవాళ్లకు దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడే.

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే మామూలు సైజు కారుకి, చార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుంటే 150 యూనిట్లు వేసుకోవచ్చు. ఇల్లు 180 యూనిట్లు వాడుతుందనుకుందాం. కారు లేనప్పుడు ఎనర్జీ చార్జీలు 724 రూపాయలు. కారు వచ్చి 330 అయ్యేసరికి 2,060. అంటే ఆ 150 యూనిట్లకు మనం పెట్టింది 1,336, యూనిట్‌కి దాదాపు 9 రూపాయలు. ఏసీలవీ ఉండి 350 యూనిట్లు కాలే ఇల్లయితే 2,240 కాస్తా 3,640 అవుతుంది. అక్కడ కారు యూనిట్ 9.33 పడింది. "ఇంట్లో చార్జ్ చేస్తే అగ్గువే కదా" అనేవాళ్లు బిల్లు పక్కన పెట్టుకుని ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. పెట్రోలుతో పోలిస్తే అగ్గువే, కాదనను. తగ్గించుకోగలిగింది చూస్తూ చూస్తూ ఎక్కువ కడుతున్నాం, నా బాధ అదీ.

గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇళ్లకైతే ఇది ఇంకా గట్టిగా చెప్పాలి. ఆ ఇళ్లలో కార్లు తక్కువే గానీ ఎలక్ట్రిక్ స్కూటర్లు బాగానే ఉన్నాయి. నెలకు 185 యూనిట్లు కాలే ఇంట్లో స్కూటర్ ఇంకో 30 తాగిందంటే 215. జీరో బిల్లు కాస్తా 1,135 రూపాయల బిల్లవుతుంది, 30 యూనిట్ల కోసం! మా పక్కింటి వదిన వాళ్లకు పోయిన వేసవిలో ఇదే జరిగింది. మీటరు తిరగబడిందేమోనని కంప్లయింట్ పెట్టబోయారు. మీటరు తప్పేం లేదు, కూలర్‌కి స్కూటర్ తోడైంది. వేసవి రెండు నెలలు బాబు స్కూటర్‌ని పని చేసే చోట చార్జ్ పెట్టుకుంటే మళ్లీ గీత లోపలికి వచ్చేశారు. స్కూటర్ ఒక్కదానికైతే విడి మీటరూ వద్దు, ఏమీ వద్దు. మీటరు రీడింగ్ మీద ఓ కన్నేసి ఉంచితే చాలు.

ఇక విడి మీటరు. తెలంగాణలో ఈవీ చార్జింగ్ కేటగిరీకి యూనిట్ 6 రూపాయలు, శ్లాబులు లేవు. కేంద్రం పెట్టిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణతో, అడిగితే ఈవీ చార్జింగ్‌కి విడి కనెక్షన్ ఇవ్వాల్సిందే. అప్లికేషన్ అన్నివిధాలా సరిగ్గా ఉంటే మెట్రో నగరాల్లో 3 రోజులు, మున్సిపాలిటీల్లో 7, పల్లెల్లో 15 రోజులు గడువు. 150 యూనిట్లకు 900 రూపాయలు. 180 యూనిట్ల ఇంటికి నెలకు 436, 350 యూనిట్ల ఇంటికి 500 మిగులుతుంది. అయితే రెండో మీటరు అంటే దానికి మళ్లీ డిపాజిట్, లోడ్ చార్జీలు, వైరింగ్. తీసుకున్న కిలోవాట్లను బట్టి నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీ కూడా చూసుకోవాలి. కిలోవాట్‌కి 50 చొప్పున లెక్కకు తీసుకున్నా 4 కిలోవాట్లకు 200 పోతుంది. అప్పుడు చేతిలో మిగిలేది నెలకు రెండు మూడు వందలు. ఆ కాస్త కోసం ఆఫీసు చుట్టూ తిరగాలా అంటే, వెయ్యి కిలోమీటర్లు తిరిగే సొంత కారుకి నేనైతే తిరగను.

క్యాబ్ నడిపేవాళ్ల లెక్క వేరు. నెలకు 3 వేల కిలోమీటర్లంటే 450 యూనిట్లు. 180 యూనిట్ల ఇంటి మీటరుకే తగిలిస్తే కారుకి పడేది 4,151. విడి మీటరులో 2,700. ఫిక్స్‌డ్ చార్జీ పోయినా నెలకు 1,200 పైన మిగులుతుంది. బండి తోలి బతికేవాళ్లకు అది పిల్లల ట్యూషన్ ఫీజు. వాళ్లు కళ్లు మూసుకుని విడి మీటరు తీసుకోవచ్చు.

నేను తీసుకున్నది మూడో దారి. అసలైన సర్కారీ డబ్బు కూడా ఇందులోనే ఉంది. పీఎం సూర్యఘర్ కింద ఇంటి మీద కిలోవాట్‌కి 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు, ఆ పైన ఎంత పెట్టినా 78 వేలు. ప్లాంటు నడవడం మొదలయ్యాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. మన దేశంలో తయారైన ప్యానెళ్లే వాడి ఉండాలి, ఇది అగ్రిమెంటులో రాయించుకోండి. నాకు 3 కిలోవాట్లకు అన్నీ కలిపి 1,95,000 అయింది. సబ్సిడీ పోను 1,17,000. చేతిలో అంత లేనివాళ్లకు ఈ పథకం కింద బ్యాంకులు తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకి అప్పిస్తున్నాయి.

3 కిలోవాట్లు ఏడాది సగటున నెలకు 360 యూనిట్ల దాకా ఇస్తాయి. మా ఇల్లూ కారూ కలిసి వాడేది 500. నెట్ మీటరింగ్‌లో, అంటే మనం గ్రిడ్‌కి పంపింది వాడుకున్నదాంట్లోంచి తీసేసే పద్ధతిలో, 360 పోగా లెక్కకొచ్చేది 140 యూనిట్లు, అంటే 532 రూపాయలు. 3,640 ఎక్కడ, 532 ఎక్కడ! సోలార్ యూనిట్లు బిల్లులో పైనుంచి కోసుకొస్తాయి. ముందు తొమ్మిదిన్నరవి పోతాయి, తర్వాత 9 రూపాయలవి, తర్వాత 7.70వి. చివరికి 200 గీత దిగేసరికి మిగిలిన వాటి రేటు కూడా తగ్గిపోతుంది. కారు లేకపోయినా మా ఇంట్లో సోలార్‌తో నెలకు 2,240 మిగిలేది. కారు వచ్చాక 3,100 మిగులుతోంది. సోలార్ కారుకి పనికొచ్చిందంటారు గానీ, కారు కూడా సోలార్ ఖర్చుని తొందరగా తీరుస్తోంది. జులై, ఆగస్టుల్లో మబ్బు పట్టి ఉత్పత్తి పడిపోతుంది, ఆ నెలల్లో 200 దాటాం కూడా. అలాంటి నెలలు కలుపుకున్నా నాలుగేళ్ల లోపే పెట్టుబడి తిరిగొస్తుందని నా లెక్క.

"పగలు సోలార్, రాత్రి చార్జింగ్, ఎలా కుదురుతుంది?" అని అడుగుతారు. నెట్ మీటరులో పగలు గ్రిడ్‌కి పంపింది రాత్రి వాడుకున్నదాంట్లోంచి తీసేస్తారు, కాబట్టి బ్యాటరీ అక్కర్లేదు.

ఇక్కడ ఒక్క సంగతి మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకోండి. సోలార్ ఏ మీటరుకి కలిపారో ఆ మీటరు యూనిట్లే తగ్గుతాయి. ఈవీకి విడి మీటరు తీసుకుని ఇంటి మీటరుకి సోలార్ పెట్టిస్తే, కారు 6 రూపాయలకి తాగుతూనే ఉంటుంది, ఇంటి మీద పండిన కరెంటు దానికి అందదు. మా తోడల్లుడు ఈ రెండూ చేయించాడు. "రెండు రాయితీలూ వస్తాయి కదన్నా" అన్నాడు. ఇప్పుడు ఎండాకాలంలో ఇంటి మీటరులో యూనిట్లు మిగిలిపోతున్నాయి, పక్క మీటరులో మాత్రం ప్రతి నెలా వెయ్యి కడుతున్నాడు. రెంటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి.

ఏ దారి పట్టినా తప్పని ఖర్చు ఒకటుంది, అది వైరింగ్. మా ఎలక్ట్రీషియన్ మెయిన్ బోర్డు విప్పి పార్కింగ్‌కి వెళ్లే వైరు చేత్తో పట్టి చూపించాడు. ఇన్సులేషన్ గోధుమరంగుకి తిరిగి, వేలితో నొక్కితే పెళుసుగా విరిగింది. "సార్, దీని మీద రాత్రంతా 15 ఆంప్స్ లాగితే తట్టుకోదు" అన్నాడు. కొత్త వైరు లాగించాం, దానికి విడిగా ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) పెట్టించాం. అయినా చార్జర్ ఎర్ర లైటే చూపించింది. ఎర్తింగ్ సరిగ్గా లేదు. గోడ పక్కన గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు పోసి కొత్త ఎర్త్ వేశాకే పచ్చ లైటు వెలిగింది. ఈ పనికి ఎవరూ సబ్సిడీ ఇవ్వరు. డబ్బులు మిగుల్చుకోవాలని దీన్ని మాత్రం వదిలేయకండి, రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు పని చేసే వైరు అది.

పెద్ద చార్జర్ తీసుకోవాలా అంటే, ఇళ్లకు అంత అవసరం పడదు. మహీంద్రా తన ఎలక్ట్రిక్ కారు బీఈ 6 తెచ్చినప్పుడు 7.2 కిలోవాట్ చార్జర్‌కి 50 వేలు, 11.2 కిలోవాట్‌కి 75 వేలు విడిగా ధర చెప్పింది. మామూలు 15 ఆంప్స్ సాకెట్ మీద రాత్రి పది గంటల్లో 30 యూనిట్ల దాకా ఎక్కుతుంది, దాదాపు 200 కిలోమీటర్లు. ఊళ్లో తిరిగేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? కాకపోతే లోడ్ చూసుకోండి. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ (మన కనెక్షన్‌కి మంజూరైన కిలోవాట్లు) ఎంత రాసుందో చూసి, చాలకపోతే ముందే పెంచుకోండి.

ఆంధ్రా వాళ్లకు లెక్క కాస్త మారుతుంది. అక్కడ శ్లాబు దాటినా వెనక యూనిట్ల రేటు మారదు. 200 యూనిట్ల ఇంటికి కారు 150 కలిపితే అదనంగా పడేది దాదాపు 1,244, యూనిట్‌కి 8.29. ఈవీ కేటగిరీ రేటు 6.70. తేడా తక్కువ కాబట్టి విడి మీటరు వైపు మొగ్గడానికి ఇంకా తక్కువ కారణం ఉంది. సూర్యఘర్ సబ్సిడీ అక్కడా ఇదే.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు సోలార్ కుదరదు. ఓనర్ ఒప్పుకుంటే విడి మీటరు, లేదంటే ఉన్న మీటరే. డాబా మీద పక్క బిల్డింగ్ నీడ పడే ఇళ్లకూ ఇదే మాట.

అపార్ట్‌మెంట్ల వాళ్లు మాత్రం ఒకటి అసోసియేషన్ మీటింగులో పెట్టండి. సూర్యఘర్‌లోనే హౌసింగ్ సొసైటీలకు కామన్ అవసరాల సోలార్ మీద కిలోవాట్‌కి 18 వేల సబ్సిడీ ఉంది, ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన 500 కిలోవాట్ల వరకు. ఆ కామన్ అవసరాల్లో ఈవీ చార్జింగ్ అని పేరు పెట్టి మరీ రాశారు. లిఫ్టు, మోటారు బిల్లు తగ్గుతుందంటే కారు లేనివాళ్లు కూడా కాదనరు. పథకం గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం వరకే, కోటేషన్లు తెప్పించి అందరి చేతా సంతకాలు పెట్టించడానికే మూడు నాలుగు నెలలు పడుతుంది.