నాలుగేళ్ల ప్రెషర్ వాషర్, ఆటో స్టాప్‌తో నా గొడవ

నీళ్ళని బలమైన ధారగా కొట్టి కడిగే ప్రెషర్ వాషర్ కొని నాలుగేళ్ళయింది. ఎన్ని వాట్లు, ఎన్ని బార్లు అన్నది డబ్బా మీదే ఉంటుంది కాబట్టి వదిలేస్తున్నాను. నా గొడవంతా ఆటో స్టాప్‌తోనే. ట్రిగ్గర్ వదిలితే మోటారు ఆగిపోతుంది, నొక్కితే మళ్ళీ అందుకుంటుంది, షాపతను నాలుగుసార్లు నొక్కి చూపించి మరీ అమ్మాడు. నేను కూడా మురిసిపోయి మొదటి నెలలోనే మా తోడల్లుడికి ఫోన్ చేసి చెప్పాను, ఆయనా కొన్నాడు. ఇప్పుడాయన ఈ విషయం ఎత్తితే మాట మార్చేస్తున్నాను.

మాది హైదరాబాద్ శివార్లలో ఇల్లు. బోరు నీళ్ళు, వాకిట్లో తాండూరు బండలు. వానలు తగ్గేసరికి బండల మీద పాచి పట్టి అమ్మ రెండుసార్లు జారబోయింది, అందుకే కొన్నాం.

రెండో ఏడు దసరా ముందు వాకిలి కడుగుతూ, మధ్యలో టీ తాగుదామని గన్ కింద పెట్టి లోపలికొచ్చాను. బయట బుర్ర్‌మని ఒక్క క్షణం మోగి ఆగింది. ఇంకాసేపటికి మళ్ళీ. గన్ దగ్గర ఎవరూ లేరు. అమ్మ కిటికీలోంచి చూసి "ఒరేయ్, అది నిన్ను పిలుస్తోందిరా" అంది. మొదట్లో నిమిషానికోసారి మోగేది కాస్తా వారం తిరిగేసరికి 10 సెకన్లకోసారి అయింది. సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్తే మూతైనా విప్పకుండా పంపు పోయింది, మొత్తం మార్చాలి, 4,000 అవుతుందన్నారు. మెషినే 9,000. ఒళ్ళు మండి వెనక్కి పట్టుకొచ్చేశాను.

మా సందు చివర బైకులు కడిగే కుర్రాడు చెప్పిన ఒక్క మాటతో విషయం అర్థమైంది. "అన్నా, పంపు పోతే ప్రెషరే రాదు కదా, నీకు మంచిగనే వస్తుంది కదా?" ట్రిగ్గర్ వదిలాక పంపు నుంచి గన్ దాకా పైపులో నీళ్ళు ప్రెషర్‌తో బిగుసుకుని ఉంటాయి, ఆ ప్రెషరే లోపలి స్విచ్‌ని నొక్కిపట్టి మోటారుని ఆపుతుంది. ఎక్కడ ఒక్క చుక్క జారినా ప్రెషర్ పడిపోయి స్విచ్ వదిలేస్తుంది, మోటారు అందుకుని మళ్ళీ నింపి ఆగుతుంది. అతను పొడిగుడ్డతో ప్రతి జాయింటూ తుడిచి, ఒకసారి నొక్కి వదిలి, వేలు పెట్టి తడుముకుంటూ వచ్చాడు. పైపు పంపుకి తగులుకునే చోట వేలికి తడి తగిలింది. విప్పి చూస్తే నీళ్ళు కారకుండా జాయింట్లో ఉండే రబ్బరు ఓ-రింగు మీద ఇసుక రేణువు కోసిన గాటు. కొత్త రింగు 20 రూపాయలు.

కథ అక్కడితో అయిపోతే నేనిది రాసేవాణ్ణే కాదు. 10 సెకన్లు కాస్తా 5 నిమిషాలైంది, అంతే. బయట ఎక్కడా తడి లేదు కాబట్టి నీళ్ళు లోపలికే వెనక్కి జారుతున్నాయన్నమాట, అంటే పంపు నుంచి నీళ్ళు బయటికి వచ్చే దారిలో ఉండి, వాటిని వెనక్కి పోనివ్వని వాల్వు సరిగ్గా పట్టట్లేదు, అదే ఎన్‌ఆర్‌వీ. ధైర్యం చేసి నేనే విప్పాను. అందులోని స్ప్రింగు ఎగిరి కారు కిందికి పోయింది, సెల్లు లైటు పట్టుకుని అరగంట వెతికాను. దొరికాక చూస్తే వాల్వు కూర్చునే చోట ఆవగింజంత తెల్ల పెచ్చు, బోరు నీళ్ళ ఉప్పు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పాత బ్రష్షుతో తోమి బిగిస్తే రోగం కుదిరింది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. నీళ్ళు లోపలికి వెళ్ళే చోట ఉండే జల్లెడ మాటిమాటికీ పూడుకుపోతోందని విసుగొచ్చి అంతకు ముందు వేసవిలో పీకి పక్కన పడేశాను. ఇసుకైనా పెచ్చులైనా పోయింది ఆ దారినే. ఇప్పుడు జల్లెడ పెట్టి, దానికి ముందు ఇంకో ఫిల్టరు కూడా వేశాను. దాంతో ఇంకో చిక్కు, పైన ట్యాంకు నుంచి వచ్చే ధార చాలదు. 10 లీటర్ల బకెట్ నిమిషంలో నిండాలి, నిమిషంన్నర దాటితే పంపు గరగరలాడుతుంది, నాజిల్లో నీళ్ళు తెంపుతెంపుగా వస్తాయి. స్విచ్ వెయ్యక ముందే ట్రిగ్గర్ నొక్కిపట్టి గాలంతా పోయేదాకా నీళ్ళు వదలాలి, అయిపోయాక కరెంటు తీసి ఇంకోసారి నొక్కి పైపులో ప్రెషర్ వదిలెయ్యాలి. మాన్యువల్లో ఉంది, నేనే చదవలేదు.

అప్పట్లో ఆదివారమంతా పట్టే వాకిలి గంటలో అయిపోతుందని తోడల్లుడితో అన్నాను. కడగడం గంటే, కానీ పైపులు పరిచి, గాలి తీసి, మళ్ళీ చుట్టి పెట్టడానికి ఇంకో ముప్పావు గంట. నాజిల్‌ని సన్నధారకి తిప్పి తొందరగా కానిద్దామనుకుంటే బండల సందుల్లో సిమెంటు లేచిపోయింది, మేస్త్రీని పిలిచి మళ్ళీ నింపించాను. ఇప్పుడు వెడల్పు ధార పెట్టి అడుగు దూరం నుంచే కొడుతున్నాను, పాచి బాగానే పోతుంది, కాకపోతే రెండు విడతలు. సన్నధార పొరపాటున కూడా కాళ్ళ వైపు తిప్పొద్దు, చర్మం చీల్చుకుని లోపలికి దిగుతుంది. చెప్పులేసుకుని కడిగే అలవాటు నాకూ ఉండేది.

ఇంతకీ కొనొచ్చా అంటే, మాలా బోరు నీళ్ళయితే ఓ-రింగుల పొట్లం, నిమ్మ ఉప్పు ఇంట్లో పెట్టుకుని కొనండి. మంజీరా కుళాయి నీళ్ళొచ్చే ఇంట్లో ఈ బాధ ఇంత ఉండకపోవచ్చు, తోడల్లుడు అపార్ట్‌మెంట్‌లో కారు తప్ప ఇంకేం కడగడు, ఆయనది ఇంకా కొత్తదానిలానే ఉంది. నేను మాత్రం గన్ కింద పెట్టిన ప్రతిసారీ వెళ్ళి ప్లగ్గు దగ్గరే స్విచ్ తీసేస్తున్నాను, అంటే డబ్బులు పోసి కొన్న ఆటో స్టాప్‌ని చేత్తో చేసుకుంటున్నానన్నమాట.