ఎంబీఏ ఫైనాన్స్‌లో ఎథిక్స్: విడి పేపరా, పాఠంలో కలపడమా, రిహార్సలా?

కొత్త బ్యాచ్ వచ్చే ముందు ప్రతి ఏడాదీ ఇదే ప్రశ్న. ఎంబీఏ ఫైనాన్స్, ఎంకామ్ పిల్లలకు ఎథిక్స్, ప్రొఫెషనల్ స్కిల్స్ విడిగా ఒక పేపరు పెట్టి చెప్పాలా, ఉన్న సబ్జెక్టుల్లోనే కలిపేయాలా, లేక రోల్‌ప్లేలతో రిహార్సల్ చేయించాలా? విజయవాడ, గుంటూరుల్లో ఈ సబ్జెక్టులు చెప్పే మిత్రులు ఈ రెండు నెలల్లో చాలామందే అడిగారు. మా కాలేజీలో పోయిన ఏడాదే దీన్ని తేల్చుకోవాల్సి వచ్చింది కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

విడి పేపరుకు ఉన్న బలం ఒక్కటే, కానీ చిన్నది కాదు. టైంటేబుల్లో దానికంటూ చోటుంటుంది. మార్కులుంటే పిల్లలు వస్తారు, లేకపోతే రారు. ఫైనాన్స్ వృత్తివాళ్లు రాసే అంతర్జాతీయ పరీక్ష సీఎఫ్‌ఏ లెవెల్ వన్‌లో ఎథిక్స్‌కు 15 నుంచి 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టే ఆ పరీక్ష రాసేవాళ్లు అందులోని ఏడు స్టాండర్డ్లనూ, అంటే వృత్తి నియమాలనూ, ఒకటికి నాలుగుసార్లు తిరగేస్తారు. అయితే మన దగ్గర విడి పేపరు రెండేళ్లు తిరిగేసరికి ఏమవుతుందో తెలిసిందే. పాత ప్రశ్నపత్రాలు, జిరాక్సు షాపు నోట్సు, ‘కార్పొరేట్ గవర్నెన్స్ ప్రాముఖ్యతను వివరించుము’. నిజాయితీ మీద ఇచ్చిన అసైన్‌మెంటును కాపీ కొట్టి తెస్తే దిద్దింది నేనే. పదకొండు పేపర్లలో ఒకే చోట ఒకే అక్షర దోషం.

సబ్జెక్టుల్లో కలపడం వినడానికి అన్నిటికన్నా బాగుంటుంది, సరైన మాస్టారు దొరికితే నిజంగానే బాగుంటుంది. రేషియోలు చెప్పేటప్పుడు సత్యం కంప్యూటర్స్ కుంభకోణం ఒక్కటి చాలు. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన లేఖలోని అంకెలను బోర్డు మీద పెట్టండి. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి చూపించిన ఆపరేటింగ్ మార్జిన్ (ఆదాయంలో నిర్వహణ లాభం వాటా) 24 శాతం, అసలుది 3 శాతం. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనేలేవు. ఆ లేని డబ్బు మీద రావాల్సిన వడ్డీ అంటూ మరో 376 కోట్లు రాసుకున్నారు. ‘బ్యాంకు బ్యాలెన్సును ఎవరిని అడిగి నిర్ధారించుకోవాలి? కంపెనీ ఇచ్చిన కాగితాన్నా, నేరుగా బ్యాంకునా?’ అని అడిగితే క్లాసు దానంతటదే మేలుకుంటుంది. ఆడిటింగూ ఎథిక్సూ అక్కడ వేర్వేరుగా ఉండవు. చిక్కేమిటంటే ఇది మాస్టారి మీద ఆధారపడిన పద్ధతి. డెరివేటివ్స్ చెప్పే ఆయనకు లెక్కలే పూర్తికావు. ట్యాక్సేషన్ మేడం ఆడిటింగ్ ఆయన చెబుతారనుకుంటారు, ఆయన మేడం చెబుతారనుకుంటారు. సెమిస్టరు అయిపోతుంది.

ఇక నా దృష్టిలో అసలు విషయం మొహమాటం. మన పిల్లలకు తప్పేదో ఒప్పేదో తెలియక కాదు. అప్పు కోసం బ్యాంకుకిచ్చే సరుకు లెక్కలో, అదే స్టాక్ స్టేట్‌మెంటులో, లేని సరుకు చూపించకూడదని తెలియని పీజీ విద్యార్థి ఉండడు. ఎదురుగా పెద్దాయన కూర్చుని, కాఫీ తెప్పించి, ‘ఈ ఒక్కసారికి అడ్జస్ట్ చెయ్యమ్మా’ అంటే నోరు పెగలదు, అదీ సమస్య. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ ఏజెంట్ల ద్వారానే లక్షల మంది దగ్గర డిపాజిట్లు సేకరించింది. ఏజెంటంటే పరాయివాడు కాదుగా, వీధి చివర మాస్టారో, వరసకు బావో. అడిగినవాళ్లకూ మొహమాటమే, కట్టినవాళ్లకూ మొహమాటమే. దీన్ని పేపరూ వదిలించదు, సత్యం పాఠమూ వదిలించదు.

అందుకే నా ఓటు రిహార్సల్‌కి. మేం చేసిన ఒకటి చెబుతాను. విద్యార్థి ఒక సీఏ ఆఫీసులో జూనియర్. మార్చి 31న మిర్చి వ్యాపారి సరుకు లెక్క చూడ్డానికి గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీకి వెళ్లింది. లెక్కపెడితే 1,800 టిక్కీలు (మిర్చి బస్తాలు). బ్యాంకుకు ఇచ్చిన స్టేట్‌మెంటులో 2,600. టిక్కీకి 45 కిలోలు, క్వింటాల్ 15,000 వేసుకోమన్నాం. తేడా 54 లక్షలు. బ్యాంకు పట్టుకునే 25 శాతం మార్జిన్ తీసేసినా డ్రాయింగ్ పవర్‌లో, అంటే ఆ సరుకు మీద వాడుకోగల అప్పులో, నలభై లక్షల పైమాటే. వ్యాపారి వేషం ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారిది. ముప్పై ఏళ్లు అవతలి కుర్చీలో కూర్చుని ఈ మాటలన్నీ విన్న మనిషి.

మొదట లేచిన అమ్మాయి ఇదే కేసు మీద రాతలో ఇరవైకి పద్దెనిమిది తెచ్చుకుంది. ఆయన అన్నారు, ‘మీ నాన్నా నేనూ యార్డులో పక్కపక్క కొట్లలో కూర్చున్నవాళ్లం. మిగతా సరుకు దారిలో ఉందమ్మా, రేపు దిగుతుంది. 2,600 అని సంతకం పెట్టేయ్’. ఆ అమ్మాయి రెండు నిమిషాలు కాగితాలు సర్దింది. తర్వాత ‘సరే సార్, చూస్తాను సార్’ అంది. క్లాసు గొల్లున నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే మన భాషలో ‘చూస్తాను’ అంటే అవతలివాడికి సగం ఒప్పుకున్నట్టే.

మూడోసారికి అదే అమ్మాయి ఇలా అంది. ‘సార్, ఈ రోజు నా లెక్కకు వచ్చింది 1,800. అదే రాస్తాను. మిగతాది వేరే స్టోరేజీలో ఉంటే రసీదులివ్వండి, ఇప్పుడే వెళ్లి చూసొస్తాను. దారిలో ఉంటే లారీ బిల్లులు ఇవ్వండి, విడిగా చూపిస్తాను’. ఆయన్ను దొంగ అనలేదు, గొంతు పెంచలేదు, అంకె మార్చలేదు. వెంటనే కూర్చుని, ఏ టైముకు ఎవరు ఏమన్నారో వర్కింగ్ పేపర్‌లో (ఆడిట్ చేసేవాళ్లు దాచుకునే రికార్డులో) నాలుగు లైన్లు రాయించాం, సీనియర్‌కు మెయిల్ పెట్టించాం. ప్రొఫెషనల్ స్కిల్స్ అని వేరే పీరియడ్‌లో చెప్పేదంతా ఇందులోనే వచ్చేసింది.

దీనికి లోపాలు లేవని అనను. గంటలో నలుగురికి మించి అవకాశం రాదు, సెక్షన్లో అరవై మంది. మార్కులు వేయడం తలనొప్పి, గట్టిగా మాట్లాడినవాడికి ఎక్కువ పడే ప్రమాదం ఉంది. కొందరు కుర్రాళ్లు సినిమా డైలాగులు దించేస్తారు. వ్యాపారి వేషానికి మాస్టారే కూర్చుంటే తేలిపోతుంది, పిల్లలకు ఆయన గొంతు అలవాటే కదా.

గెస్ట్ లెక్చర్, ఆన్‌లైన్ కోర్సు అనే మరో రెండు దారుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గెస్ట్ లెక్చరంటే శాలువా, ఫొటో, భోజనం. ఆన్‌లైన్ కోర్సు వీడియోలను డబుల్ స్పీడులో పరిగెత్తించినా సర్టిఫికెట్ వస్తుంది. ఖాళీ పీరియడ్ నింపడానికి పెట్టుకోవచ్చు.

చివరకు మేం చేసిందేమిటంటే, టైంటేబుల్లో విడి పేపరు పేరు అలాగే ఉంచాం. చోటు పోగొట్టుకోవడం ఎందుకు? దాని 30 గంటల్లో 8 గంటలు రూల్స్, మిగతా 22 రిహార్సల్. అరవై మందిని ముగ్గురేసి చొప్పున ఇరవై జట్లు చేశాం. ఒకరు మాట్లాడతారు, ఒకరు నోట్ రాస్తారు, మూడోవాళ్లు సీనియర్‌గా ఆ నోట్ చదివి ప్రశ్నలు వేస్తారు. మార్కులు మాటకు కాదు, నోట్‌కు. సత్యం అంకెలు మాత్రం నా ఆడిటింగ్ క్లాసులో మామూలుగానే నడుస్తున్నాయి, మిగతావాళ్లను బలవంతపెట్టలేదు. మేనేజరు గారు ఈ ఏడాదీ వస్తానన్నారు. ఫీజు వద్దన్నారు, మధ్యాహ్నం రెండు గంటల క్లాసు మాత్రం పెట్టొద్దన్నారు.