జెంటూ లినక్స్‌లో సోర్స్ బిల్డా (కోడ్‌ని మన మెషీన్‌లోనే కంపైల్ చేసుకోవడం), రెడీ బైనరీయా (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీ)?

సమయం: సోర్స్ అయితే క్రోమియం బ్రౌజర్ గంటల తరబడి తింటుంది. బైనరీ అయితే డౌన్‌లోడ్ అయినంతసేపే.

ర్యామ్: సోర్స్‌లో ఒక్కో జాబ్‌కి (ఒకేసారి పక్కపక్కన నడిచే కంపైల్ పనుల్లో ఒకదానికి) 2 జీబీ లెక్కేసుకోండి. 8 జీబీ మెషీన్‌లో 8 జాబ్‌లు పెడితే పెద్ద సీ ప్లస్ ప్లస్ ఫైళ్ల దగ్గర ర్యామ్ చాలక లినక్స్ కర్నెల్, నడుస్తున్న కంపైలర్‌నే చంపేయొచ్చు. లాగ్‌లో ‘కిల్డ్’ అని కనిపిస్తే తప్పు కోడ్‌ది కాదు, జాబ్‌లు తగ్గించండి. బైనరీకి ఈ గోల లేదు.

యూజ్ ఫ్లాగ్‌లు (ప్యాకేజీలో ఏ ఫీచర్లు ఉండాలో చెప్పే సెట్టింగ్‌లు): సోర్స్‌లో మీ ఇష్టం. 2023 డిసెంబరులో మొదలైన అధికారిక బైనరీల ఫ్లాగ్‌లు ముందే ఖరారై ఉంటాయి. మీవి కలవకపోతే, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఎమర్జ్ కమాండ్ మళ్లీ సోర్స్‌కే పోతుంది. ముందు ప్రిటెండ్ ఆప్షన్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండా ఏం జరుగుతుందో చూపిస్తుంది) చూడండి: ‘బైనరీ’ అనా, ‘ఈబిల్డ్’ (అంటే సోర్స్) అనా?

పాత ల్యాప్‌టాప్‌కి బైనరీయే. ఫ్లాగ్‌లు మార్చక తప్పని నాలుగైదు ప్యాకేజీలకు మాత్రం సోర్స్. రెండూ కలిపి వాడినా జెంటూ ప్యాకేజీ మేనేజర్ పోర్టేజ్‌కి అభ్యంతరం లేదు.