ఆరు వేల పేజీల డైట్ ప్లాన్

మా పాప కబడ్డీ ఆడుతుంది. ఎనిమిదో తరగతి, మున్సిపల్ హైస్కూలు. బడి వదిలినాక అకాడమీకి పోతుంది. ఆ అకాడమీ వాళ్ళు పోయిన నవంబరులో కొత్తగా ఒక ప్యాకేజీ పెట్టినారు. కోచింగు ఫీజు కాకుండా మూడు నెలలకు ఆరు వేలు. పిల్లకు డైట్ ప్లాను, నెలకొకసారి డైటీషియన్‌తో మాటలు, తల్లిదండ్రులకు ఒక వాట్సాప్ గ్రూపు. నేను కట్టినాను. మూడు నెలలూ అయిపోయినాయి. తిరుపతిలో ఇట్లాంటివి ఇప్పుడు పేటకొకటి మొదలవుతా ఉంటే, తెలిసినోళ్ళు షాపుకొచ్చి "ఎట్లుంది అన్నా, కట్టమంటావా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. అకాడమీ పేరు మాత్రం రాయను. పిల్ల ఇంకా అక్కడే ఆడుతోంది.

షాపు అంటే జిరాక్సు షాపు. యూనివర్సిటీకి దగ్గర్లోనే. పదహారేళ్ళుగా థీసిస్‌లు ప్రింటు తీసి బైండింగ్ చేస్తున్నా. శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) ఫిజికల్ ఎడ్యుకేషన్ పిల్లలు, మహిళా యూనివర్సిటీ హోంసైన్సు పిల్లలు అందరూ చివరి రోజు రాత్రి తొమ్మిదింటికి పరిగెత్తుకుంటా వస్తారు. మెషిన్ వేడెక్కి ఆగినప్పుడల్లా చేతిలో ఉన్న పేజీ చదవడం నాకు అలవాటు. క్రీడాకారుల తిండి, జట్టులో మాటామంతీ, ఆట చూసేవాళ్ళు టికెట్లూ టీషర్టులూ ఎందుకు కొంటారు, అన్నిటి మీదా థీసిస్‌లు ఉన్నాయి. సగం అర్థమవుతుంది, సగం కాదు. 'పూర్తిగా ఒప్పుకుంటాను' నుంచి 'అస్సలు ఒప్పుకోను' దాకా ఐదు గళ్ళు ఉండే ప్రశ్నపత్రాలు నేను కొట్టినన్ని ఇంకెవరూ కొట్టి ఉండరు. ఆ గళ్ళ పద్ధతి 1932లో లైకర్ట్ అనే ఆయన పెట్టినాడంట. ఆయన పుణ్యమా అని మా ఇంటి కరెంటు బిల్లు గడుస్తోంది.

ఆ లెక్కన ఆరు వేలంటే నాకు, పేజీ రూపాయి చొప్పున, ఆరు వేల పేజీలు. ఏ సరుకు కొన్నా ఇట్లనే లెక్కేస్తాను, ఏమనుకోవద్దు.

ముందు డైట్ ప్లాను సంగతి. 22 పేజీల పీడీఎఫ్, అంతా రంగుల్లో. ప్రింటు ఇవ్వలేదు, నేనే తీసుకున్నా. తీస్తా ఉంటే మూడో పేజీ కాడ చెయ్యి ఆగింది. మా పాప పేరు ఉండాల్సిన చోట ఇంకెవరో పిల్లోడి పేరుంది. మొదటి పేజీలో పాప పేరు ఒక ఫాంటు, మిగతాదంతా ఇంకో ఫాంటు. పదహారేళ్ళు ఈ పనిలో ఉన్నోడికి అది చాలు, ఏం జరిగిందో తెలిసిపోతుంది. ఒకరికి చేసినదాంట్లో పేరు మార్చి అందరికీ పంచినారు. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం కినోవా, వారానికి రెండుసార్లు సాల్మన్ చేప, అవకాడో సగం ముక్క. మా ఇంటామె చదివి, "ఈ సాల్మన్‌ను యాడ పట్టుకొస్తావు, కపిలతీర్థం కోనేట్లోనా?" అనింది. మా అమ్మకు చదివి వినిపిస్తే, "రాగిసంగటి యాడ రాసినారు?" అని అడిగింది. యాడా రాయలేదు.

ఇది చిత్తూరు సీమ. రాగులు మా ఇంట్లో డబ్బాలో ఉండవు, మూటలో ఉంటాయి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుందని హోంసైన్సు థీసిస్‌లలో ఎన్నిసార్లు చూసినానో. పాలల్లో అదే కొలతకు 120 దగ్గర. సంగటిలోకి చెనక్కాయల (వేరుశనగ) ఊరిబిండి, అంటే పచ్చడి, ఉంటే ప్రోటీనూ వచ్చేస్తుంది, చెనక్కాయ పప్పులో నాలుగో వంతు ప్రోటీనే. 22 పేజీల్లో ఈ రెండిటికీ చోటు దొరకలేదంటే రాసినోళ్ళు తిరుపతిలో భోజనం చేసినట్టు లేదు.

ఇంక పౌడరు డబ్బా. ప్యాకేజీలో లేదు, కానీ ప్యాకేజీ తీసుకున్నోళ్ళకు 'తగ్గింపు ధర' అని కౌంటరు మీదే పెట్టినారు. కిలో డబ్బా 2,800. పక్కనోళ్ళంతా కొంటా ఉంటే మనం కొనకపోతే పిల్లకు తక్కువ చేసినట్టు అనిపిస్తుంది, అదే వాళ్ళ వ్యాపారం. కొన్నాను. ఇంటికొచ్చి, అలవాటు ప్రకారం, డబ్బా వెనకాల చీమతలకాయంత అక్షరాలు చదివినాను. తిండి సరుకులకు ఉండాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు 14 అంకెలూ సరిగ్గానే ఉన్నాయి. దాని కింద, ఆరు పాయింట్ల సైజులో, 18 ఏళ్ళలోపు వాళ్ళకు కాదు అని ఉంది. మా పాపకు పదమూడు. వెనక్కి తీసుకుపోతే "సీల్ తీసినారు కదన్నా" అన్నారు.

ఎవరో హోంసైన్సు అమ్మాయి బైండింగుకు ఇచ్చిపోయిన కాగితాల్లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2024లో ఇచ్చిన ఆహార సూచనలు ఉన్నాయి. ఒళ్ళు పెంచడానికని ప్రోటీన్ పౌడర్లు వాడొద్దు, ఎక్కువ కాలం వాడితే ఎముకలకూ కిడ్నీలకూ చేటు జరగొచ్చు అని అందులో ఉంది. పదమూడు నుంచి పదిహేనేళ్ళ ఆడపిల్లకు రోజుకు 43 గ్రాముల ప్రోటీన్ కావాలని అదే సంస్థ లెక్క. ఆట ఆడే పిల్లకు ఇంకొంచెం పడుతుందనుకో. బడి భోజనంలో గుడ్డు ఆరు గ్రాములు, రాత్రి గ్లాసు పాలు ఇంకో ఆరు, గుప్పెడు చెనక్కాయ పప్పులు ఏడు, ఆ పైన పప్పు, పెరుగు, అలసందలు. 2,800 డబ్బా లేకుండానే లెక్క సరిపోతోంది. ఆ డబ్బాలో ఇప్పుడు స్పైరల్ బైండింగ్ ముక్కలు పెట్టుకున్నా. మూత బాగా టైటు, అది మాత్రం ఒప్పుకోవాల.

గ్రూపు గురించి చెప్పాలంటే నవంబరు వానతో మొదలుపెట్టాల. ఆ రోజు మధ్యాహ్నం నుంచే కుండపోత. ప్రాక్టీసు లేదని మూడున్నరకే మెసేజి పెట్టినారంట, పిల్లల గ్రూపులో. పిల్లలు బడికి ఫోన్లు తీసుకుపోరు కదా. తల్లిదండ్రుల గ్రూపులోకి అదే మెసేజి ఐదూ పదికి వచ్చింది. అప్పటికి మా పాప ఇంకో నలుగురు పిల్లలతో గేటు కాడ పాన్‌షాపు రేకు కింద నిలబడి ఉంది, మోకాళ్ళ దాకా నీళ్ళు. నెలకు రెండు వేలు పోసి కొన్న 'సమాచార వ్యవస్థ' అది.

అదే గ్రూపులో గెలిచిన రోజు చూడాల. "మనం కొట్టేసినాం!", "మన ఆడపిల్లలు పులులు!" ఓడిన రోజు, "పిల్లోళ్ళు మనసు పెట్టి ఆడలేదు సార్." గెలిస్తే మనం, ఓడితే వాళ్ళు. దీని మీద 1976లోనే సియాల్డిని అని ఒకాయన అమెరికాలో పరిశోధన చేసినాడు. కాలేజీ జట్టు గెలిస్తే సోమవారం ఆ కాలేజీ పేరున్న బట్టలు ఎక్కువమంది వేసుకొచ్చినారంట, ఫోన్ చేసి అడిగితే గెలిచిన ఆటకు 'మేము' అన్నారంట. క్రీడల వినియోగదారుల మీద రాసే ప్రతి థీసిస్‌లోనూ ఆయన పేరు ఉంటుంది, నా స్పెల్‌చెక్ ప్రతిసారీ దాని కింద ఎర్రగీత పెడుతుంది. మా గ్రూపు చూసినాక అర్థమయింది, ఇక్కడ వినియోగదారుడు పిల్ల కాదు, నేను. పౌడరు నా కోసం, 22 రంగుల పేజీలు నా కోసం, రాత్రి పదింటికి కోచ్ సార్ పెట్టే ఆడియో కూడా నా కోసమే.

ఇంక అసలు బాధ. డిసెంబరులో సెలక్షన్లకు ముందు కోచ్ సార్ ఆ గ్రూపులో ఒక పట్టిక పెట్టినాడు. పిల్లల పేర్లు, పక్కన బరువులు. తగ్గాల్సిన వాళ్ళవి ఎర్ర రంగులో. కబడ్డీలో వయసు విభాగానికి బరువు హద్దు ఉంటుంది, తూకం తప్పదు, నాకు తెలుసు. కానీ అరవై మంది చూసే చోట పదమూడేళ్ళ పిల్ల బరువు ఎర్రగా రాస్తారా? మా పాపది ఎర్రలోనే ఉంది. ఆ అంకె ఇక్కడ రాయను.

మాకు వెంటనే ఏమీ తెలియలేదు. రాత్రి సంగటి సగం వదిలేస్తోంది, అడిగితే "ఆకలి కాలేదు నాయనా" అంటోంది. ఆదివారం మా ఇంటామె బ్యాగు ఉతకడానికి దులిపితే జామెట్రీ బాక్సు కింద మూడు చెనక్కాయ చిక్కీలు పడినాయి. బడిలో మధ్యాహ్న భోజనంతో ఇచ్చేవి. ఒకటి కరిగి నోటుబుక్కు అట్టకు అతుక్కొనింది. అట్ట చిరగకుండా ఆమె దాన్ని గోరుతో మెల్లగా గీకుతా కూర్చుంది, ఏమీ మాట్లాడలేదు.

ఆడేది ఎక్కువై తినేది తక్కువైతే ఏమవుతుందో నేను ప్రింటు తీసిన కాగితాల్లోనే ఉంది. నెలసరి తప్పుతుంది, ఎముకలు బలహీనమవుతాయి, చిన్న దెబ్బ కూడా తొందరగా మానదు. మునుపు ఆడపిల్లలకే అనుకునేవాళ్ళు. 2014లో ఒలింపిక్ కమిటీ వాళ్ళు రెడ్-ఎస్ అని పేరు పెట్టి, మగపిల్లలకూ వస్తుందని చెప్పినారు. నాలుగైదు థీసిస్‌లలో ఆ పేరు నా చేతుల మీదుగా పోయింది. మా ఇంట్లోకి వస్తుందని మాత్రం అనుకోలేదు.

సోమవారం పోయి కోచ్ సార్‌ను పక్కకు పిలిచినా. గొడవ పెట్టుకోలేదు. మూడు చిక్కీలూ కవర్లో వేసుకొనిపోయి చూపించినా, అంతే. ఆయన చాలాసేపు కవరు వైపే చూసి, "తప్పయిపోయిందన్నా, నేను ఆడేటప్పుడు మాకు ఇట్లనే గోడ మీద రాసేవాళ్ళు" అన్నాడు. ఆ రాత్రే పట్టిక తీసేసినాడు. అప్పటి నుంచి బరువు పిల్లకే విడిగా చెప్తున్నాడు. మాట మీద నిలబడినాడు, అది కూడా రాయాల.

ఇంత తిట్టినాక కూడా మొత్తం దండగ అనలేకపోతున్నానంటే దానికి కారణం డైటీషియన్ అమ్మాయి. చిన్న వయసే. నెలకొకసారి వస్తుంది. మొదటి నెల మేము పోలేదు, పీడీఎఫ్ చూసి మనసు విరిగి. చిక్కీల తర్వాత పోయినాం. మేమిద్దరం కుర్చీల్లో కూర్చోబోతే, "అమ్మా, మీరు కాస్త వెనక కూర్చోండి, పాపను ముందుకు రానీండి" అనింది. మూడు నెలల్లో పిల్లను పిల్లగా అడిగింది ఈమె ఒక్కతే.

"అన్నం ఎన్ని గంటలకు తిన్నావు?"

"పన్నెండున్నరకు."

"ప్రాక్టీసు?"

"నాలుగున్నర నుంచి ఆరున్నర."

"ఇంటికొచ్చి తినేది?"

"ఏడున్నర, ఒక్కోసారి ఎనిమిది."

"మధ్యలో?"

"నీళ్ళు."

ఏడు గంటలు. మేమిద్దరం కన్నోళ్ళమే, ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఆ అమ్మాయి పౌడరు ఊసే ఎత్తలేదు. బడిలో ఇచ్చే చిక్కీ నాలుగింటికి తిను, దాంతో ఒక అరటిపండు, ఇంటికి పోగానే గుడ్డో పాలో, సంగటి మానొద్దు అనింది. రక్తపరీక్ష చేయించమంటే చేయించినాం, హిమోగ్లోబిన్ పదకొండున్నర. పన్నెండు ఉండాల. దేశంలో పదిహేను నుంచి పందొమ్మిదేళ్ళ ఆడపిల్లల్లో 59 శాతానికి రక్తహీనతే అని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క, అందుకని భయపెట్టలేదు ఆ అమ్మాయి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర ఏం చేస్తున్నావని మాత్రం అడిగింది. పాప నేల చూపులు చూసింది. ఇప్పుడు మింగుతోంది. అన్నం తినగానే టీ తాగొద్దు, ఇనుము ఒంటికి పట్టదు. ఆకుకూరలో నిమ్మకాయ పిండుకో. ఈ మాట విని మా అమ్మ టీ కూడా అరగంట వెనక్కి పోయింది.

ఇంకొకటి చేసింది. ఆ ఎర్ర అంకె చూపించిన తూకం మెషినే, దాన్నే ప్రాక్టీసుకు ముందూ తర్వాతా వాడమనింది. "తగ్గినదంతా చెమట. అర కిలో తగ్గితే అర లీటరు పైనే తాగాల." అప్పటిదాకా ఆ మెషిన్ చూస్తే పక్కకు తిరిగే పిల్ల, ఇప్పుడు ఇంటికొచ్చి "నాయనా, ఈ రోజు ఆరు వందల గ్రాములు ఉఫ్" అంటోంది.

జనవరిలో పోయినప్పుడు పాపే అడిగింది, "అక్కా, పితికిపప్పులో ప్రోటీన్ ఉంటుందా?" ఆ అమ్మాయిది గుంటూరు వైపు, పితికిపప్పు అంటే తెలియదు. మా పాప టేబుల్ మీద చేత్తో చూపించింది: అనపగింజలు రాత్రి నానబెట్టి, పొద్దున బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది, పొట్టు వేళ్ళకే ఉండిపోతుంది, "మా అవ్వ టీవీ చూస్తా కూడా నొక్కేస్తుంది." ఆ అమ్మాయి నవ్వి, మా ప్రింటులో సాల్మన్ అని ఉన్న చోట పెన్నుతో కొట్టేసి 'పితికిపప్పు పులుసు, సంగటి' అని రాసింది. 22 పేజీల్లో నేను దాచుకున్నది ఆ ఒక్క పేజీనే, లామినేషన్ చేసి.

కట్టాలా వద్దా అని అడిగేవాళ్ళకు: ప్యాకేజీకి ఐదు గళ్ళలో నేను రెండో గడి దగ్గర టిక్ పెడతా, కింద నుంచి. ఆ అమ్మాయికి ఐదో గడి. ప్యాకేజీ లేకుండా ఆమె దగ్గరకు మాత్రం పోవచ్చా అని ఫిబ్రవరిలో అడిగితే, కౌంటరు కాడ తల గోక్కొని, ఐదు వందలు ఇస్తే చాలన్నారు. ప్రతి నెలా మూడో శనివారం, సాయంత్రం నాలుగు నుంచి ఆరు. ముందు ఫోన్ చేసి పోండి, ఒక్కోసారి రాదు, ఆ సంగతి గ్రూపులో చెప్పడం మర్చిపోతారు. బండి గేటు బయటే పెట్టుకోండి, లోపల చోటు లేదు. కౌంటరు మీద డబ్బాల వైపు చూడకుండా నేరుగా లోపలికి పోండి.