పీఈటీ పీరియడ్‌కి ఏది మేలు: కబడ్డీయా, ఖోఖోయా, వాలీబాలా?

జూన్‌లో బడి తెరిచి టైమ్‌టేబుల్ వేసుకోగానే ప్రతి వ్యాయామ ఉపాధ్యాయుడికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. మామూలు జిల్లా పరిషత్ హైస్కూల్ అనుకుందాం. తరగతిలో యాభై మంది, ఒక గ్రౌండు, ఒక విజిల్, స్టోర్ రూంలో గాలి పోయిన రెండు బంతులు. పీరియడ్ 45 నిమిషాలనే పేరు గానీ పిల్లలు క్లాసులోంచి బయటపడి, లైన్లో నిలబడి, వార్మప్ అయ్యేసరికి చేతిలో మిగిలేది అరగంట. దాంట్లో ఏ ఆట పెట్టాలి?

మెడల్స్ సంగతి ఇక్కడ పక్కన పెడుతున్నాను. అండర్-14, అండర్-17 స్కూల్ గేమ్స్‌కి టీమ్ తయారుచేయడం వేరే పని. అది పొద్దున ప్రేయర్‌కి ముందో సాయంత్రం లాంగ్ బెల్ తర్వాతో చేసుకోవాలి. పీరియడ్ మాత్రం అందరిదీ. అందుకే ఏ ఆటనైనా నేను ఒకే లెక్కతో చూస్తాను. క్లాసులో అందరికన్నా వెనకబడే పిల్ల ఒకతి ఉంటుంది. పరుగులో ఆఖరున వచ్చేది, ‘సార్, కడుపునొప్పి’ అని వేపచెట్టు కిందికి చేరేది. ఈ అరగంటలో ఆ పిల్ల ఎంతసేపు కదిలింది? 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకి సగటున గంటసేపైనా ఒళ్లు వంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాలామందికి ఆ గంటలో దొరికేది మన పీరియడ్ ఒక్కటే, అదీ లెక్కల సార్ సిలబస్ కోసం అడిగి తీసుకోకపోతే.

కబడ్డీకి ఖర్చు లేదు, చోటూ పెద్దగా అక్కర్లేదు. పురుషుల కోర్టే 13 మీటర్లు × 10 మీటర్లు. పిల్లలకి అంతకన్నా చిన్నదే చాలు. గుప్పెడు సున్నం ఉంటే ఒకే గ్రౌండులో మూడు కోర్టులు గీయొచ్చు. ఒక్కో దాంట్లో పద్నాలుగు మంది అంటే నలభై రెండు మంది. కాగితం మీద దీన్ని మించిన ఆట లేదు. పైగా 2014లో ప్రో కబడ్డీ వచ్చాక నియమాలు మనం చెప్పే పనే లేదు. బోనస్ లైను, సూపర్ ట్యాకిల్, డూ ఆర్ డై అన్నీ టీవీలో చూసి వచ్చేస్తారు. మనం ఏదైనా తప్పు చెబితే వాళ్లే దిద్దుతారు.

చిక్కంతా అవుట్ దగ్గరుంది. కూతకి వచ్చినవాడు ముందు ఎవరిని ముడతాడు? భయపడి గీత దగ్గర బిగుసుకుపోయిన వాణ్ణే. వాడు బయటికెళ్లి కూర్చుంటాడు. జట్టుకి పాయింటు వస్తే లోపలికొస్తాడు, మళ్లీ ముందు వాడే పోతాడు. కూతకెళ్లే వంతు అయితే వాడిదాకా రానే రాదు. ఆ ఇద్దరు ముగ్గురు దూకుడుగాళ్లే మార్చి మార్చి వెళ్తుంటారు. ఎక్కువగా ఆడాల్సిన వాడు ఎక్కువగా కూర్చునే ఆట ఇది. ఇక మన గ్రౌండ్లలో కంకర సంగతి తెలిసిందే. మట్టి తవ్వి మెత్తగా చేయకుండా పట్లు పట్టిస్తే మోకాళ్లు, మోచేతులు చెక్కుకుపోతాయి. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు యూనిఫాం చుడీదార్‌తో, మగపిల్లలు చూస్తుండగా పట్లు పట్టమంటే ఎంతమంది ముందుకొస్తారో ఆ క్లాసు తీసుకున్నవాళ్లకి తెలుసు. అయితే ఒక మాట చెప్పాలి. ఒళ్లు బరువున్న పిల్లాడికి గౌరవం దక్కే ఆట ఈ మూడింట్లో కబడ్డీ ఒక్కటే. మిగతా చోట్ల ‘లావు’ అని వెక్కిరించినవాళ్లే ఇక్కడ వాణ్ణి ముందు మా జట్టులోకంటే మా జట్టులోకని కొట్టుకుంటారు.

ఖోఖోకి స్థలం ఎక్కువ పడుతుంది. పూర్తి కోర్టు 27 మీటర్లు × 16 మీటర్లు. రెండు చివర్లా స్తంభాలు కావాలి. ఒకేసారి కోర్టులో ఉండేది తొమ్మిది మంది చేజర్లు, ముగ్గురు రన్నర్లు, అంటే పన్నెండు మంది. వాళ్లలో ఎనిమిది మంది కూర్చునే ఉంటారు. చూడ్డానికి కబడ్డీ కన్నా నష్టం అనిపిస్తుంది కదా? ఆ కూర్చోవడం ఎలాంటిదో దగ్గర్నుంచి చూడాలి.

ఎనిమిది మందీ ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి మునికాళ్ల మీద కూర్చుంటారు. వెనకనుంచి వీపు మీద చెయ్యిపడి ‘ఖో’ అని వినపడేదాకా లేవకూడదు, వినపడ్డాక ఆగకూడదు. లేచినవాళ్లు ఒక దిక్కు పట్టాక వెనక్కి తిరగకూడదు. కూర్చున్నవాళ్ల మధ్యనుంచి అవతలికి దాటకూడదు. రన్నర్ మాత్రం ఎటైనా దూరిపోవచ్చు. అందుకని అవతలి వైపు తిరిగి కూర్చున్నవాళ్లకి ఖో ఇవ్వక తప్పదు. ఎంత వేగంగా పరిగెత్తేవాడైనా ఒంటరిగా ఏమీ చేయలేడు. మన కడుపునొప్పి పిల్ల వరసలో నాలుగో గడిలో కూర్చుందనుకోండి. రన్నర్ తన ముందునుంచి దూరి పోయినప్పుడల్లా ఆమెకి ఖో రావాల్సిందే. నాలుగడుగులు వేసి, పక్కవాళ్లకి ఖో ఇచ్చి, ఆ గడిలో కూర్చుంటే చాలు, పని పూర్తయినట్టే. ఆ నాలుగడుగులే నిమిషానికోసారి వస్తుంటాయి. మునికాళ్ల మీద కూర్చుని లేవడమంటే గుంజీళ్లే, కాకపోతే శిక్షలా అనిపించవు. చేజింగ్ సాగినంతసేపూ చేజర్లలో ఎవరూ అవుటై బయటికి పోరు. రన్నర్‌గా ముందే దొరికిపోయినా తర్వాత తన జట్టు చేజింగ్‌కి దిగగానే మళ్లీ గడిలోకి వచ్చేస్తుంది.

ఖోఖోలో తొండి కూడా ఎక్కువే. చెయ్యి తగలకుండానే ఖో అనడం, ఖో పడకముందే లేవడం. ఒక్క విజిల్‌తో రెండు కోర్టులు చూడడం కష్టం. ఆడని పిల్లలనే అంపైర్లుగా పెట్టేస్తే సరి. ఫౌల్ పట్టుకోవడంలో వాళ్లకున్న శ్రద్ధ మనకి కూడా ఉండదు. చీలమండ బెణకడం మాత్రం ఇందులో మామూలే, కాబట్టి గుంటలు పూడ్చకుండా ఆడించొద్దు. ‘ఖోఖోకి భవిష్యత్తు ఏముంది సార్?’ అనే తల్లిదండ్రులకి ఇప్పుడు జవాబుంది. 2022లో అల్టిమేట్ ఖోఖో లీగ్ మొదలైంది, అందులో తెలుగు యోధాస్ ఫైనల్ దాకా వెళ్లింది. 2025 జనవరిలో ఢిల్లీలో తొలి ప్రపంచ కప్ జరిగితే పురుషుల కప్పు, మహిళల కప్పు రెండూ మనకే వచ్చాయి.

వాలీబాల్ కథ వేరు. దీంట్లో ఎవరూ అవుట్ కారు, ఒకరినొకరు తగలరు, ఆడపిల్లలకి ఏ ఇబ్బందీ లేదు. ఊళ్లో పెద్దవాళ్లు సాయంత్రం పూట నలభై దాటాక కూడా ఆడే ఆట ఇదే. కబడ్డీ, ఖోఖో బడితోనే చాలామందికి వదిలిపోతాయి. పి.వి. సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లేనని, తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నాడని క్లాసులో చెబితే పిల్లలు తెగ ఆశ్చర్యపోతారు.

కానీ ఆరో తరగతికి నిజం నెట్టు కట్టి బంతి ఇచ్చి చూడండి. సర్వీస్ నెట్టు దాటదు. దాటితే అవతల ఎవరూ తీయలేరు. అరగంటలో సగం బంతి వెనక పరుగెత్తడానికే సరిపోతుంది. తీయగలిగిన వాడొకడుంటే పక్కవాళ్ల బంతులు కూడా ‘నాది నాది’ అంటూ వాడే తీస్తాడు, మిగతా అయిదుగురూ నిలబడి చూస్తారు. మన పిల్ల ఇక్కడ అవుట్ కాదు, కానీ బంతిని ముట్టుకోదు కూడా. నెట్టు పురుషులకి 2.43 మీటర్లు, మహిళలకి 2.24. బడిలో ఆ కొలతలు మర్చిపోవాలి. చేతికందే ఎత్తులో తాడు కట్టి, ఒక్కసారి నేలమీద పడనిచ్చి, సర్వీస్ దగ్గర్నుంచి చేయనిస్తే అప్పుడు ఆట సాగుతుంది.

నన్నడిగితే 6, 7, 8 తరగతులకి ఖోఖోనే. 9, 10కి తాడు కట్టిన వాలీబాల్. ఆ వయసుకి చేతులు బంతిని కాస్త వింటాయి, పదో తరగతి పరీక్షల టెన్షన్‌లో దెబ్బలు తగలని ఆటైతే ఇంట్లోనూ గొడవుండదు. కబడ్డీని పీరియడ్‌లోంచి తీసేయను, అవుట్ తీసేస్తాను. ముట్టుకుంటే పాయింటు, అంతే, ఎవరూ బయటికి పోరు. కూత మాత్రం రోల్ నంబరు వరసలో అందరూ వెళ్లాలి. అసలు నియమాలతో ఆడాలనుకునేవాళ్లు పొద్దున్నే రావాలి, అక్కడ తవ్విన మట్టి ఉంటుంది.

సమగ్ర శిక్ష కింద హైస్కూలుకి ఏటా 25,000 రూపాయల దాకా క్రీడా సామగ్రి గ్రాంటు ఉంది. ఆ డబ్బొస్తే క్రికెట్ కిట్ కొందామని స్టాఫ్‌రూంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కిట్టొస్తే దాన్ని వాడేది పదకొండు మంది. ముందు అంచులు నున్నగా చెక్కించిన రెండు జతల ఖోఖో స్తంభాలు, ఆ తర్వాత ఒక్కటి కాదు, ఆరు వాలీబాల్ బంతులు, ఒక పంపు కొనమని హెచ్చెమ్ గారికి రాసిస్తాను.