నాన్న మెనూలో ధరలు చూడని నాలుగు రోజులు: డిస్నీ డైనింగ్ ప్లాన్‌తో మా అనుభవం

మా నాన్న అమెరికా వచ్చినప్పటి నుంచి ఏ హోటల్‌కి తీసుకెళ్లినా మెనూని కుడివైపు నుంచి చదువుతారు. ముందు ధర చూస్తారు, దాన్ని రూపాయల్లోకి మార్చడానికి (అప్పట్లో 83తో) గుణిస్తారు, ఆ తర్వాతే వంటకం పేరు. లెక్క తేలగానే మెనూ మూసేసి "నాకు ఆకలిగా లేదమ్మా, మీరు తినండి" అంటారు. అది అబద్ధమని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. 2024 జూన్‌లో అమ్మానాన్నలను ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్దామనుకున్నప్పుడు, ఎండకీ నడకకీ ఎలాగో సర్దుకుంటాం గానీ నాలుగు రోజులూ ఈయన పస్తులుంటారేమోనని నాకు ఒకటే టెన్షన్.

అందుకే భోజనాల డబ్బు ముందే కట్టేసే డైనింగ్ ప్లాన్ తీసుకున్నాం. నేను, మా ఆయన, అమ్మ, నాన్న, ఆరేళ్ల బాబు. అట్లాంటా నుంచి కారులో ఏడు గంటలు. కరీబియన్ బీచ్ రిసార్ట్‌లో ఐదుగురు పట్టే గది, నాలుగు రాత్రులు. ఈ ప్లాన్ డిస్నీ హోటల్లో దిగి, గదితో కలిపి ప్యాకేజీగా కొన్నవాళ్లకే దొరుకుతుంది. గదిలో ఒకరు తీసుకుంటే మూడేళ్లు దాటిన అందరూ తీసుకోవాల్సిందే. "అమ్మకి వద్దు, మిగతా నలుగురికి చాలు" అనడానికి కుదరదు. మా లెక్క తేడా రావడానికి సగం కారణం ఈ నియమమే.

ప్లాన్‌లో రెండు రకాలు. చిన్నది క్విక్ సర్వీస్ ప్లాన్: పెద్దవాళ్లకు రాత్రికి 57.01 డాలర్లు, 3 నుంచి 9 ఏళ్ల పిల్లలకు 23.83. కౌంటర్ దగ్గర తీసుకునే భోజనాలు రెండు, ఒక స్నాక్. పెద్దది పెద్దవాళ్లకు 94.28, పిల్లలకు 29.69. ఇందులో కూర్చోబెట్టి వడ్డించే భోజనం ఒకటి, కౌంటర్ భోజనం ఒకటి, ఒక స్నాక్. రెండింటిలోనూ రిసార్ట్‌లో ఎన్నిసార్లయినా కాఫీ, కూల్‌డ్రింక్ నింపుకునే మగ్గు మనిషికొకటి ఇస్తారు. ఇవి మేం వెళ్లిన 2024 నాటి ధరలు. పెద్ద ప్లాన్ మా ఐదుగురికీ రాత్రికి 406.81 డాలర్లు, మొత్తం 1,627 డాలర్ల పైచిలుకు. రూపాయల్లో లక్షా ముప్పై అయిదు వేలు. ఆ సంఖ్య నాన్నకు చెప్పలేదు. "డబ్బు కట్టేశాం నాన్నా, తిన్నా తినకపోయినా వెనక్కి రాదు" అన్నాను. అంతే, మరి ధరల జోలికి పోలేదు.

మొదటి రోజు రాత్రి డిస్నీ వాళ్లదే ఇంకో హోటల్, యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని బోమా రెస్టారెంట్‌కి వెళ్లాం. ఆఫ్రికా వంటల బఫే. నాన్న ప్లేటు పట్టుకుని ముందు ఒక చుట్టు తిరిగి అన్నీ చూసి, ఆ తర్వాత వడ్డించుకున్నారు. సూప్‌లు రెండు రకాలు, మళ్లీ అన్నం, మళ్లీ ఇంకేదో. చేతికున్న మ్యాజిక్ బ్యాండ్‌ను బిల్లు మెషీన్‌కి తాకించే పని కూడా ఆయనే అడిగి తీసుకున్నారు. ఇంకా ఎన్ని భోజనాలు మిగిలాయో రసీదు కింద ప్రింట్ అయి వస్తుంది. అది చూసి, "మెస్ టికెట్ల పుస్తకం లాంటిదన్నమాట" అన్నారు. పెళ్లి కాకముందు విజయవాడలో ఉద్యోగం చేస్తూ మెస్సులో నెలకి సరిపడా టికెట్లు కొనుక్కుని తిన్న మనిషి ఆయన. ఆ పోలికతో ఆయనకు అంతా అర్థమైపోయింది. ఆ రాత్రి ఒక్కటి చూసినా నేను ఈ ప్లాన్‌కి మంచి మార్కులే వేస్తాను.

మరుసటి రోజు నుంచి అదే ప్లాన్ మా బల్ల మీద ఇంకో రకంగా పనిచేయడం మొదలుపెట్టింది. ప్లాన్‌లో ఒక్కో భోజనాన్ని ఒక్కో క్రెడిట్ అంటారు. ఒక క్రెడిట్‌తో పాస్తా వస్తుంది, అదే క్రెడిట్‌తో స్టేక్ కూడా వస్తుంది. అలాంటప్పుడు పాస్తా తినాలనిపించినా చెయ్యి స్టేక్ మీదకే పోతుంది. మా ఆయన వారానికి ఒక్కసారి కూడా రెడ్ మీట్ ముట్టరు, అక్కడ వరుసగా రెండు రాత్రులు తిన్నారు. 21 ఏళ్లు దాటినవాళ్లు భోజనంతో బీరో కాక్‌టెయిలో తీసుకోవచ్చు. మా ఇంట్లో ఎవరూ తాగరు, కాబట్టి ఆ విలువ మాకు రాలేదు. కూర్చుని తినే చోట లంచ్‌కైనా డిన్నర్‌కైనా మెయిన్ డిష్‌తో పాటు డెజర్ట్ ప్లాన్‌లోనే ఉంటుంది. అమ్మ రాత్రిపూట రెండు పుల్కాలు తినే మనిషి. "వద్దమ్మా" అన్నా, కట్టిన డబ్బు పోతుందని మేమే తెప్పించాం. రెండు చెంచాలు తిని గిన్నె పక్కకు జరిపి, "పారేస్తారు కదూ" అని వెయిటర్ తీసుకెళ్తున్నంతసేపూ దాని వంకే చూసింది. అన్నం పారేస్తే పాపం అని మమ్మల్ని పెంచిన అమ్మ చేత నేనే ఆ పని చేయించానని నాకు మనసులో కలుక్కుమంది. మూడో రోజు నుంచి అమ్మకు డెజర్ట్ చెప్పడం మానేశాను.

మాలోని శాకాహారులకు మొత్తం డిస్నీలో అన్నింటికంటే నచ్చింది సనా అనే రెస్టారెంట్. బోమా ఉన్న లాడ్జ్‌లోనే కిడాని విలేజ్ వైపు ఉంటుంది. ఆఫ్రికా వంటకి మన మసాలాలు కలిపి చేస్తారు, కిటికీ బయట మైదానంలో జిరాఫీలు తిరుగుతుంటాయి. పొద్దు ఉండగానే వెళ్లండి, చీకటి పడితే ఆ కిటికీలోంచి ఏమీ కనిపించదు. అక్కడ బ్రెడ్ సర్వీస్ అని ఉంది: వేడి నాన్‌లు, వాటితో తొమ్మిది రకాల చట్నీలు, పచ్చళ్లు. వెల్లుల్లి పచ్చడి నాలుక మీద పెట్టుకోగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. వారంలో మొదటిసారి తనంతట తానే "ఇంకో నాన్ ఇవ్వు" అంది. అమ్మ గుడ్డు కూడా తినదని చెబితే, ఏది తినొచ్చో ఏది తినకూడదో ఓపిగ్గా విడమరిచి చెప్పారు.

కానీ బ్రెడ్ సర్వీస్ స్టార్టర్ల కింద ఉంటుంది. ప్లాన్‌లో స్టార్టర్లు రావు. దాని డబ్బులు విడిగా ఇచ్చాం. మనం ఇష్టంగా తినేది బయట ఉండిపోయింది, పక్కకు జరిపేసే డెజర్ట్ లోపల ఉంది. ఈ ప్లాన్ 2005లో మొదలైనప్పుడు స్టార్టరూ, టిప్పూ కూడా అందులోనే కలిసి ఉండేవి. 2008లో ఆ రెండూ తీసేశారు. కరోనాతో 2020లో ఆగిపోయి, 2024 జనవరి 9 నుంచి మళ్లీ వచ్చింది. 2005 నాటి రూపంలోనే ఉండి ఉంటే మన శాకాహార కుటుంబాలకు ఎంతో బాగుండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. టిప్పు సంగతి కూడా ముందే తెలుసుకుని వెళ్లండి. రసీదు మీద భోజనం అసలు విలువ వేసి ఉంటుంది, దాని మీద 18 శాతమో 20 శాతమో మనమే ఇవ్వాలి. ఆరుగురు, అంతకు మించి ఉంటే 18 శాతం వాళ్లే వేస్తారు. సనాలో టిప్పు రాస్తుంటే నాన్న తొంగిచూశారు, ఆ ఒక్క పూట మళ్లీ గుణకారం మొదలైంది.

బాబు విషయంలో మాత్రం ప్లాన్ నిస్సందేహంగా లాభం. మిక్కీ వాళ్లు బల్ల దగ్గరకే వచ్చి పలకరించే చెఫ్ మిక్కీస్‌లో పిల్లల డిన్నరే అప్పట్లో 40 డాలర్లు దాటేది. వాడి రోజంతటి ప్లాన్ ఖరీదేమో 29.69 పడింది. ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ప్లాన్ ఉన్నవాళ్ల చూపంతా ఇలాంటి క్యారెక్టర్ భోజనాల మీద, బఫేల మీద ఉంటుంది. డిస్నీ హోటల్లో దిగేవాళ్లు చెక్-ఇన్‌కి 60 రోజుల ముందు నుంచి తమ రోజులన్నిటికీ టేబుళ్లు బుక్ చేసుకోవచ్చు. నేను ఆ రోజు తెల్లవారుజామునే లేచి, పక్కన కాఫీ పెట్టుకుని, కూర్చున్న చోటే నాలుగు డిన్నర్లూ పట్టేశాను. ఒక్క హెచ్చరిక: సిండరెల్లా కోటలో భోజనం, కాలిఫోర్నియా గ్రిల్ లాంటి చోట్ల మనిషికి రెండు క్రెడిట్లు పోతాయి. మేం వాటి జోలికి పోలేదు.

అమ్మ ఖర్చు నేను రోజూ రాసుకున్నాను. శాకాహారం మెయిన్ డిష్, డెజర్ట్, జ్యూస్ కలిపి 40 దగ్గర, మధ్యాహ్నం యానిమల్ కింగ్‌డమ్ పార్కులో పండోరా అనే భాగంలోని సతులి క్యాంటీన్‌లో టోఫు బౌల్, డ్రింకు 20 లోపు, ఒక ఐస్‌క్రీమ్ 6 లేదా 7. అంటే 65 చిల్లర. కట్టింది 94.28. బఫే రోజు తప్ప మిగిలిన మూడు రోజులూ ఇంచుమించు ఇదే లెక్క. మాంసాహారం తిని, డ్రింకు తీసుకునే దంపతులకు ఈ ప్లాన్ గిట్టుబాటు అవుతుంది. తక్కువ తినే పెద్దవాళ్లున్న గదికి అవ్వదు. అలాంటివాళ్లు చిన్న ప్లాన్ చూడండి, లేదా అసలు వద్దనుకోండి.

చెక్-అవుట్ రోజు అర్ధరాత్రితో మిగిలినవన్నీ రద్దు. "మా మెస్సులో ఆదివారం ఊరెళ్తే ఆ టికెట్ వచ్చేవారం చెల్లేది" అన్నారు నాన్న. మాకు మూడు కౌంటర్ భోజనాలు, ఆరు స్నాక్‌లు మిగిలాయి. అన్నీ కట్టించుకుని కారులో పెట్టుకున్నాం. వాల్డోస్టా దాటాక రెస్ట్ ఏరియాలో చెట్టు కింద కూర్చుని తిన్నాం. బియ్యం డబ్బాలో దాచినట్టు, చాక్లెట్లను అమ్మ ఊళ్లో మనవరాళ్లకోసం సంచిలో భద్రంగా దాచింది.

వచ్చే ఏడాది అత్తయ్య, మామయ్య వస్తున్నారు, మళ్లీ వెళ్తాం. ఈసారి ప్లాన్ తీసుకోను. నెలనెలా కొంచెం కొంచెంగా డిస్నీ గిఫ్ట్ కార్డులు కొని పెడుతున్నాను, అక్కడి రెస్టారెంట్లలో చెల్లుతాయి. ఆ కార్డు మామయ్య చేతికే ఇచ్చి, డబ్బు ముందే కట్టేశామని చెబుతాను. మొదటి రాత్రి సనాలో, పొద్దు ఉండగానే, బ్రెడ్ సర్వీస్ రెండు చెబుతాను.